అరవై ఏడేళ్ళ క్యాండిడేట్

అయినా నా గురించి నన్నే చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలి, పుట్టిన దగ్గర్నుంచా, బర్రెలు కొన్న దగ్గర్నుంచా, మనవరాలు తనూజ మంచం మీద కాళ్ళు మడుచుకుని ఫోన్‌లోంచి ప్రశ్నలు చదువుతోంది, టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్, తాతా, ఇది అందరిని అడుగుతరు, రెండు నిమిషాలల్ల చెప్పాలె, రెండు నిమిషాలట, అరవై ఏడేళ్ళ మనిషిని రెండు నిమిషాల్లో ఒంపాలంటే ఎంత గరాటా కావాలి, సరే అని గొంతు సవరించుకుని, నా పేరు బాలనర్సింహ, మొఘల్‌పురాల మాకు ఏడు బర్లుండె, అందుల కమలి అనే దాని పాలల్ల రూపాయి బిళ్ళ ఏస్తే మునగనీకి మధ్యాహ్నమయ్యేది, అన్నానో లేదో తనూజ ఫోన్ బోర్లా పెట్టేసింది, గిసొంటియి చెప్పకు తాతా, వాళ్ళు నవ్వుతరు, నవ్వితే మంచిదే గద బిడ్డా, నవ్వనీకి కూసోరు వాళ్ళు, కొలువియ్యనీకి కూసుంటరు, అంది, తొమ్మిది ఇంటర్వ్యూల్లో తప్పి పదోదాంట్లో నెగ్గిన పిల్ల, ఈ ఇంట్లో ఈ విద్యకు ఆమే పంతులమ్మ, కమలి తుమ్మితే సంతోష్‌నగర్‌లో పాలు విరిగిన కథ నోటి దాకా వచ్చినా మింగేసి చేతులు కట్టుకున్నాను.

ఆ సంతోష్‌నగర్‌లోనే రేపు పదకొండు గంటలకు ఇంటర్వ్యూ, కొత్తగా పాల సెంటర్ తెరిచారు, పొద్దున్నే క్యాన్లలో వచ్చే పాలు చూసి ఏవి తీసుకోవాలో ఏవి వెనక్కి పంపాలో చెప్పే మనిషి కావాలట, మిషన్ ఉందట గానీ దాని పక్కన పాలు తెలిసినవాడు ఒకడుండాలట, ఆ మాట విన్నప్పటి నుంచి నా బొటనవేలి గోరు దురద పెడుతోంది, గోరు మీద చుక్క వేసి వంచితే నీళ్ళ పాలు పరిగెత్తుతాయి, అసలు పాలు సర్కారు ఆఫీసులో గుమాస్తా నడిచినట్టు నింపాదిగా, వెనక తెల్లటి గీత వదులుతూ పోతాయి, ఇది ఏ మిషన్ కన్నా ముందు నాకు తెలుసు, ఈ కొలువు రాకపోతే మాత్రం ఒకటో తారీఖు నుంచి నేను కుర్చీలో కూర్చోవాలి, కొడుకు అంజన్ మాట్లాడి వచ్చాడు, ఎక్కడంటే మా కొట్టం ఉన్న జాగాలోనే, ముప్పై ఏళ్ళు కిరాయికి ఉన్న కొట్టం అది, జాగా ఆయన నిరుడు అమ్ముకున్నాడు, బర్రెలు పోయాయి, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది, దానికి వాచ్‌మన్ కావాలట, కమలిని కట్టేసిన గుంజ ఉన్నచోట సరిగ్గా అక్కడే ప్లాస్టిక్ కుర్చీ వేశారు, వెళ్ళి చూసి వచ్చాను, నీడపట్టున కూసునే పనే గద బాపూ, నీకేం తక్లీఫ్, అంటాడు అంజన్, ప్రేమతోనే అంటాడు, కానీ బర్రెను కట్టేసిన చోట నన్ను కట్టేస్తామంటే ఎట్లా ఒప్పుకుంటాను, కనీసం గడ్డి కూడా వెయ్యరు.

తనూజ రెండోది అడిగింది, మీల ఉన్న లోపమేంది, అబద్ధాలు చెప్త, అన్నాను ఉన్నమాట, గోడవారగా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న నా భార్య బుచ్చమ్మ తల ఎత్తకుండానే, ఇన్నేండ్లకు ఒక్క నిజం చెప్పిండు, రాసుకో బిడ్డా, అంది, తనూజకు నవ్వొచ్చింది గానీ ఆపుకుని, గట్ల కాదు తాతా, పని ఎక్కువ చేస్త, తిండి సుత మర్చిపోత, గదే నా లోపం అనాలె, అని నేర్పింది, ఇదెక్కడి న్యాయం, నా బర్రె కథలు అబద్ధమని చెప్పే నాకూ తెలుసు వినేవాడికీ తెలుసు, ఎవడూ మోసపోడు, ఈ తిండి మర్చిపోవడం అనేది మాత్రం ఇస్త్రీ చేసి కట్టుకున్న అబద్ధం, దానికి మార్కులు వేస్తారట, మా ఊరి బడిలోనూ ఇదే తతంగం, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని పంతులు వరుసలో ఒక్కొక్కడికీ ఒక్కో జవాబు చొప్పున వారం రోజులు వల్లె వేయించాడు, తీరా ఆ రోజు నా ముందు కూర్చునే వైకుంఠానికి జ్వరమొచ్చి వరుస ఒకటి జరిగింది, వాడి ప్రశ్న నాకొచ్చింది, మన రాష్ట్రానికి రాజధాని ఏది అంటే నేను లేచి, నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, అన్నాను, ఇన్‌స్పెక్టర్ పంతులును చూశాడు, పంతులు నన్ను చూశాడు, ఆ బెత్తం దెబ్బలకు నా వీపు మీద దేశపటం తేలింది, అందులో రాజధాని ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

మూడో ప్రశ్న ఫోన్‌లోది కాదు, తనూజ సొంతంగా అడిగింది, ఇది పక్కా అడుగుతరు తాతా, పాలల్ల ఎన్నడన్న నీళ్ళు కలిపినవా, ఎన్నడు లేదు సార్ అనాలె, కండ్లల్ల కండ్లు పెట్టి అనాలె, నేను మా అత్త సక్కుబాయి పెట్టిన ఆచారం ఎత్తుకున్నాను, క్యానుకు మూత వేసే ముందు వేళ్ళు తడిపి మూడు చుక్కలు విదిలించాలి, చుక్క నీరు తగలని పాలు పరాయి పొయ్యి మీద పొంగితే బర్రె పొదుగు మండుతుందని ఆమె నమ్మకం, ముప్పై ఏళ్ళు ఒక్క పూట తప్పకుండా విదిలించాను, మరి ఎన్నడూ లేదని ఎట్లా అనను, మూడు చుక్కలు నీళ్ళెట్లయితయి, నువ్వు లేదనే చెప్పు, అని కొట్టిపారేసింది తనూజ, ఎన్నడు లేదు సార్, అన్నాను, కండ్లు కిందికేసినవ్, మల్ల చెప్పు, ఎన్నడు లేదు సార్, ఇప్పుడు గోడ దిక్కు చూసినవ్, మల్ల, నాలుగోసారి నా చూపు బుచ్చమ్మ ముందున్న వెల్లుల్లి పొట్టు మీదికి పోయింది, రూపాయి బిళ్ళ తేలిందని చెప్పేటప్పుడు రెప్ప వెయ్యని వాడిని, మూడు చుక్కల కోసం కళ్ళు దించుతానా, చుక్కలు కాదు, అది నాకు తెలుసు.

ఆ రోజు రంజాన్ పండుగ, తనూజ ఇంకా పుట్టలేదు, షీర్ ఖుర్మా కోసం గల్లీ గల్లీ పాల కోసం ఎదురు చూస్తోంది, కమలి ఒక్క తన్ను తన్నితే నిండు క్యాను బోర్లా పడింది, మిగిలినవి అన్ని ఇళ్ళకూ చాలవు, పండుగపూట గడపలోంచి లేదని ఎట్లా తిరిగిరాను, నల్లా కింద చెంబు నింపి ఒంపాను, ఎవరూ చూడలేదు, చివరి ఇల్లు మున్నీ ఆపాది, ఆమె గిన్నె పట్టింది, నేను పోశాను, పాలు గిన్నె అంచు మీంచి జారిన తీరు చూసింది, తర్వాత నన్ను చూసింది, గిన్నె లోపలికి తీసుకుపోయింది, మధ్యాహ్నం తనే కొట్టం దాకా నడిచి వచ్చి షీర్ ఖుర్మా గిన్నె నా చేతిలో పెట్టింది, లేవ్ భాయ్, తుమారేచ్ దూధ్ కా హై, తీసుకో, నీ పాలతో చేసిందే, అంది, కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, పండుగ పూట ఇచ్చినట్టే ఇచ్చింది, సేమ్యా ఒక పక్క, నీళ్ళు ఒక పక్క, ఖర్జూరం ముక్కలు అడుగున పడి కనిపిస్తున్నాయి, నిలబడే తాగాను, నా నీళ్ళు నేనే తాగాను, ఆ తర్వాత పదిహేనేళ్ళు, పోయేదాకా, ఆమె మా పాలే పోయించుకుంది, నా చెంబు మళ్ళీ క్యాను దగ్గరికి పోలేదు, ఇన్ని కథలు చెప్పే నేను ఈ కథ ఒక్కరికీ చెప్పలేదు.

తాతా, మల్ల చెప్పు, అంటోంది తనూజ, ఆమె కళ్ళలోకి చూశాను, కలిపిన, ఒక్కనాడు, చెంబెడు, అన్నాను, బుచ్చమ్మ వేళ్ళు ఆగిపోయాయి, తనూజ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, గిది చెప్తే కొలువియ్యరు తాతా, అంది మెల్లగా, ఇయ్యకుంటే ఇయ్యకపోనీ బిడ్డా, నీళ్ళ పాలు దించేటోడు ఎటు చూస్తడో, చెయ్యి ఎట్ల గుంజుకుంటడో మిషన్‌కు తెల్వదు, నాకు తెలుసు, గందుకే నేను గావాలె వాళ్ళకు, అన్నాను, అనేశాక తెలిసింది నా గొంతు పెద్దదైందని, వాళ్ళు వద్దంటే ఇంకో సెంటర్ మెట్లు ఎక్కుతాను, దాని తర్వాత ఇంకోటి, మనవరాలు పది ఇంటర్వ్యూలకు పోగా లేనిది నేను పోలేనా, బుచ్చమ్మ నా వైపు చూడకుండానే, మల్ల అడుగు బిడ్డా, నేను సరిగ్గ ఇంట, అంది, తనూజ అడిగింది, కలిపిన, ఒక్కనాడు, చెంబెడు, అవే మాటలు వచ్చాయి, చూపు ఎటూ పోలేదు, ఇంకోసారి అడిగినా ఇవే వస్తాయి, రేపు ఎవరు అడిగినా ఇవే వస్తాయి, దీనికి నేర్చుకునే పనే లేదు.