అప్పలస్వామి మొక్కుబడి జడ

సముద్రానికి అవతలి దీవిలో, మాంటాన్ బ్లాంష్ చెరుకు తోటల్లో ఎద్దుబండి తోలే అప్పలస్వామికి పాతికేళ్లు నిండాయి గాని, తలమీద ఇంతవరకూ కత్తెర పడలేదు. జడ విప్పితే నడుం దాటుతుంది. ఎండలో బరువు, వానలో అంతకు రెట్టింపు. వెనకనుంచి వచ్చే బండివాళ్లు "తప్పుకో అమ్మా" అని కేకేసి, తిరిగిచూసిన మీసాలకు జడుసుకునేవారు.

ఇదంతా తల్లి పైడమ్మ మొక్కు. నిండు గర్భంతో ఓడెక్కిన మనిషి. నడిసముద్రంలో తుపాను పట్టి, అందులోనే నొప్పులొస్తే, తన ఊరి పక్కనే తాబేలు రూపంలో వెలసిన శ్రీకూర్మం స్వామిని తలుచుకుంది. "బిడ్డా నేనూ ఒడ్డున పడితే వాడి పుట్టువెంట్రుకలు నీవే తండ్రీ" అంది. ఒడ్డున పడ్డారు. కూలి ఒప్పందం తీరగానే తిరిగివెళ్లి మొక్కు చెల్లిద్దామనుకుంది. ఒప్పందం మీద ఒప్పందం పడింది. మొగుడు ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. సముద్రం ఎక్కడిది అక్కడే ఉంది, జడ ఒక్కటే పెరిగింది.

ఆ ఓడలోనే వచ్చిన జగ్గయ్యను పైడమ్మ అన్నా అని పిలిచేది. ఆ వరసన అతని కూతురు తులసి ఆమెకు మేనకోడలు, అప్పలస్వామికి మరదలు. పాంప్లెమూస్‌లో ఆకుకూరలు పెంచి, రేవు పట్నం పోర్ట్ లూయీలో అమ్ముకొచ్చే పిల్ల. పెద్దలు తాంబూలాలు పుచ్చుకోబోతుంటే గుమ్మంలోంచే అడ్డుపడింది.

"బావంటే నాకిష్టమే అత్తా. పీటలమీద నా జడకన్నా ఆయన జడే పొడుగ్గా ఉంటే, పంతులు పుస్తె ఎవరి మెడలో కట్టిస్తాడు?"

జగ్గయ్య కసిరాడు. అప్పలస్వామికి నవ్వొచ్చింది గాని, ఎక్కువసేపు నిలవలేదు. ఈ పిల్ల కాదంటే తనకు మరో పిల్ల వద్దు. అమ్మ మాట దాటే ధైర్యమూ లేదు.

"దేవుడి సొమ్ము అది," అంది పైడమ్మ. "సీకూర్మం తీసుకెళ్లి గీయించు. నాకేటి అడ్డం?"

"సీకూర్మం ఎక్కణ్నించి తెస్తాను? కూర్మమైతే చూపిస్తాను," అంది తులసి.

పోర్ట్ లూయీలో సిపాయిల బారకాసుల్లో ఒక ముసలి తాబేలుందట. మిగిలిన ఆకులు తులసి దానికే వేసొస్తుందట.

"మా తాత పుట్టకముందే ఫ్రెంచోళ్లు ఓడమీద తెచ్చారంట. ఇంగ్లీషోళ్లు దీవి గెలిచినప్పుడు కోటలూ ఫిరంగులతోపాటు దాన్నీ అప్పజెప్పించుకున్నారంట. ఇద్దరు సిపాయిలెక్కినా మోసీదంట. ఇప్పుడు పాపం కళ్లు కనపడవు."

"రాజులు మారితే తాబేలుకేటి? నా సామి సిల. అది ఒట్టి తాబేలు."

"నీ సామి ఓడెక్కి రాలేదు. ఇది వచ్చింది. చూస్తే పోయేదేటి అత్తా?"

పైడమ్మ చూడ్డానికి మాత్రమే ఒప్పుకుంది. ఆదివారం ముగ్గురూ రైలెక్కారు. తులసి దగ్గర కూరలు కొనే బారకాసుల వంటవాడు రోజర్ వాళ్లను వెనక గేటులోంచి లోపలికి పిలిచాడు.

"వీని, మామా," అన్నాడు పైడమ్మతో. క్రియోల్‌లో 'రా అమ్మా' అని. ఆ సంగతి ఆమెకు ఏనాడో తెలుసు.

"మీసాల్లేని నన్ను మామా అంటన్నాడు. నా కొడుకును చూసి అత్తా అంటాడు గావాల," అని గొణిగింది.

గోడనీడలో తాబేలు, బెల్లం వండే పెనం బోర్లించినట్టు ఉంది. మెడ మీది ముడతలు చూసి పైడమ్మ చెయ్యి తెలియకుండానే తన మెడమీదికి పోయింది.

"దండం పెట్టు నాయినా," అంది కొడుకుతో. "జడ ఊసు మాత్తరం ఎత్తకు."

తులసి గంపలోంచి ఆకులు తీసి తాబేలు ముందు పోసింది. అప్పలస్వామి సాష్టాంగపడ్డాడు. పడగానే జడ భుజం మీంచి జారి ఆకుల్లో పడింది. గుడ్డి తాబేలు మెడ చాచి, తడుముకుని, ఆకులతోపాటు జడకొసనూ పట్టేసింది.

అప్పలస్వామి లాగాడు. తాబేలు తల లోపలికి లాక్కుంది, దాంతోపాటు అతన్నీ. ముక్కు డిప్పకు తగిలింది. రోజర్ క్యాబేజీ ఆకు ఆశ చూపాడు. గొంతు కింద గోకాడు. అది వదల్లేదు.

"అమ్మా," అన్నాడు అప్పలస్వామి నేలమీంచి. "ఏటి సెయ్యమంటావు?"

గంపలో కూరలు కోసే కత్తి ఉంది. ఎప్పుడూ ఊరుకోని తులసి దానివంక చూడను కూడా చూడలేదు.

పైడమ్మే వంగి కత్తి తీసింది. "ఇంత ఆకలిమీదున్నోడివి పాతికేళ్లు ఎందుకు ఊరుకున్నావు తండ్రీ," అంది తాబేలుతో. మెడ దగ్గర జడ పట్టుకుని, గోవిందా అంటూ ఒక్క కోత కోసింది.

తాబేలు ఆ వెంట్రుకల్ని నాలుగుసార్లు నమిలి, బయటికి తోసేసి, ఆకులమీద పడింది.

"ఒద్దంటన్నాడే," అన్నాడు అప్పలస్వామి భయంగా.

"ఎంగిలి పడ్డాడు, సాలు," అంది పైడమ్మ. "మిగతాది సముద్రంలో కలుపుదాం. ఆ నీరు సీకూర్మం ఒడ్డుకీ పోతాది." చెంగుతో కళ్లు తుడుచుకుని, ఓడ దిగాక ఇదే మొదటిసారా అన్నట్టు నవ్వింది. ఏమైందో పూర్తిగా తెలియకపోయినా రోజర్ కూడా నవ్వాడు.

అప్పలస్వామి లేచి నిలబడ్డాడు. వెనక బరువు లేక తల దానంతటదే ముందుకు తూలింది. తులసి అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"అమ్మో, ఇంతేసి సెవులా బావా. ముందే తెలిస్తే జడే నయమనీదాన్ని."

"ఇంక అనడానికి నేదు కోడలా," అంది పైడమ్మ, ఖాళీ గంప తన నెత్తికెత్తుకుంటూ. "నడు, రేవుకి పోదాం."