అక్షరాలున్న చీర

"చీరల మూట పోయినంక పంపుకో నీ చదువు. అదేమన్న పారిపోతదా?" అని పొద్దున డ్యూటీకి పోతూ భర్త సాయికుమార్ అన్న మాట ఉదయశ్రీ చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది. పారిపోతుంది మరి! సాయంత్రం ఆరు దాటితే ఆరేళ్ళ పరిశోధనను యూనివర్సిటీ ఇక తీసుకోదు. చీరలు తీసుకుపోవడానికి సేఠ్ మనిషి దినేశ్ వచ్చేదీ ఆ ఆరింటికే. అప్పటికి ఇరవై చీరల మీద బుట్టాలకు రాళ్ళు అతికించాలి. సూరత్ పర్వత్ పాటియాలోని ఆ రెండు గదుల ఇంట్లో అత్తా కోడలూ తెల్లారినప్పటినుంచీ వంచిన తల ఎత్తలేదు. చీరల లెక్క రాసే చిట్టీ మీద మాత్రం పల్సానా మిల్లులో ఉన్న సాయికుమార్ పేరే ఉంటుంది. ఆ మహానుభావుడు ఒక్క రాయి ముట్టిన పాపాన పోలేదు.

ప్రాచీన గ్రీకుల మతం మీద పంపాల్సిన గ్రంథం సిద్ధంగానే ఉంది, గైడు తీయించేసిన ఒక్క అధ్యాయం తప్ప. రెండు వేల మూడొందల యేళ్ళ కింద గ్రీకు దేశంలో ఆడవాళ్ళు ఆర్టెమిస్ దేవత గుడికి తమ బట్టలు సమర్పించుకునేవారు. ఎవరు ఏమిచ్చారో రాతి మీద చెక్కించారు. సగం నేసినవి కూడా వదల్లేదు. "బట్టల జాబితాలో మతమెక్కడుందమ్మా? అది తీసేసి దేవతల గురించి రాయి" అన్నాడు గైడు. తీసేసింది. ఆనాటినుంచీ మనసు అక్కడే తచ్చాడుతోంది. కల్లిపే అనే ఆమె ఇచ్చిన అంగీలో అక్షరాలు నేసి ఉన్నాయని ఆ రాయి చెబుతుంది. ఏ అక్షరాలో చెప్పదు. జిగురు వాసనకు కళ్ళు బరువెక్కుతుంటే ఉదయశ్రీకి ఎక్కడిదో సముద్రపు గాలి తగిలింది, పంటితో దారం తెంపుతున్న ఒక స్త్రీ కనబడింది. తన పేరే నేసుకుని ఉంటుంది, ఇంకెవరి పేరు నేస్తుంది! ఆ ముఖమెరుగని మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"గిదేంది ఉదయా?"

అత్త గంగవ్వ గొంతుకు ఉలిక్కిపడింది. చేతికింద గులాబీ బుట్టా లేదు. ఎర్ర జార్జెట్ మీద కల్లిపే పేరు, ఎనిమిది గ్రీకు అక్షరాలు తళతళలాడుతున్నాయి. జిగురు ఆరిపోయింది, లాగితే బట్ట చిరుగుతుంది. దాచడానికేముందని ఉన్నదంతా చెప్పేసింది.

గంగవ్వ నిమ్మళంగా వింది. "సగం నేసింది గూడ రాసిన్రా?"

"రాసిన్రు అత్తమ్మా."

ముప్పై యేళ్ళుగా సూరత్ చీరలకు రాళ్ళతికించిన ఆ వేళ్ళు ఒక్కో అక్షరాన్నీ తడిమాయి. "నేను చేసినయి ఏడేడ కట్టుకుంటున్నరో. నేనొకదాన్ని ఉన్ననని ఎవ్వలకెరుక?" కాసేపటికి గోడ గడియారం వైపు చూసింది. "అయిదైంది. లే. నువ్వు తీసేసినవే, అది మళ్ళ పెట్టి పంపు."

"ఇంక నాలుగు చీరలు విప్పనే లేదు. మీ కొడుకు..."

"వానికి నేను చెప్త. నువ్వు లే."

ల్యాప్‌టాప్ తెరిచి తీసేసిన అధ్యాయాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, ఆరుకు పది నిమిషాలుందనగా పంపేసింది ఉదయశ్రీ. దినేశ్ రానే వచ్చాడు.

"గిట్ల తక్కువిస్తే సేఠ్ నన్ను తిడ్తడు వదినా. జర సాయన్నను పిలువు, చిట్టీ ఆయన పేరు మీదనే గద."

ఉదయశ్రీ చిట్టీ అందుకుని భర్త పేరు కొట్టేసింది. జిగురంటిన వేళ్ళతోనే నింపాదిగా రాసింది: 'గంగవ్వ, తొమ్మిది చీరలు. ఉదయశ్రీ, ఆరు చీరలు. ఇంకొకటి, అక్షరాలున్నది, ఇయ్యము.'