రుంచోకి పోసిన కలబంద రసం

మా వంటింటి కిటికీలో కలబంద కుండీ ఉంటుంది. బల్గేరియాలోని మా త్రియావ్న ఊళ్లో అది లేని ఇల్లు నాకు తెలియదు. దగ్గొస్తే దాని రసంలో తేనె కలుపుకుని తాగుతాం, చెయ్యి కాలితే ఆకు చీల్చి రాసుకుంటాం. దేవుడు మా కష్టం చూసి ఇచ్చిన మొక్క అనే నమ్మకంతోనే అరవై ఎనిమిదేళ్లు బతికాను.

ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో మా ముసలి కుక్క రుంచో ఒక పూట తిండి ముట్టలేదు. వెంటనే ఆకు కోసి, తొక్కతో సహా నలిపి, తేనె కలిపి దాని నోట్లో పోశాను.

"కుక్కకి ఇది పడుతుందా?" అంది నా భార్య దోన.

"నీకూ నాకూ పడ్డది దానికి పడదా? దేవుడి సృష్టి దోనా!"

"అడవిలో పుట్టగొడుగులూ దేవుడి సృష్టే. కనబడ్డవన్నీ వండుకుంటున్నావా?"

సాయంత్రం రుంచో వాంతి చేసుకుంది. జబ్బు బయటికి పోతోందనుకుని మరో చెంచా పోశాను. తెల్లారేసరికి విరేచనాలతో కాళ్లు నిలవలేదు. నేను మూడో ఆకు కొయ్యబోతుంటే దోన నా చేతిలో కత్తి లాక్కుంది. నా మంచి కోటులోనే కుక్కను చుట్టి, పక్కింటాయన కారులో పశువుల డాక్టరు రలిత్స దగ్గరికి తీసుకుని బయల్దేరింది. వెనకే నేనూ ఎక్కాను.

"ఏం పెట్టారు?" అని అడిగింది రలిత్స. చెప్పాను.

"అంటే జబ్బు చెయ్యగానే విషం పోసి, తగ్గలేదని ఇంకాస్త పోశారా తాతా? ఆ తొక్క కింద పసుపు రసం కుక్క పేగుల్ని కడిగేస్తుంది. ఒంట్లో నీరంతా పోయింది." సెలైన్ ఎక్కిస్తూ గొంతు తగ్గించింది. "పెద్ద వయసు కదా. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను."

దోన రుంచో తల ఒళ్లో పెట్టుకుంది. "వెళ్లు గెన్చో. ఇక్కడ నిలబడి డాక్టరమ్మకి అడ్డం."

చర్చికి వెళ్లాను. అక్కడ కొవ్వొత్తులు బతికున్నవాళ్లకు పై వరసలో, పోయినవాళ్లకు కింద ఇసుకలో వెలిగిస్తాం.

"ఎవరికి?" అంది కొవ్వొత్తులమ్మే పెన.

"రుంచోకి."

"ఏ రుంచో, మీ బావమరిదా?"

"మా కుక్క."

పెన చర్చి లోపలికి ఒకసారి తొంగి చూసింది. "ఫాదరు గారికి చెప్పకు. పైనా, కిందా?"

"ఇంకా తెలియదు పెనా."

"తెలియకపోతే పైనే. కింద పెట్టడానికి తొందరేముంది?"

కానీ వెలిగించలేకపోయాను. నా చేత్తో నేనే పోసి, ఏ మొహంతో అడగను? ఒకే ఆకులో నాకు మందూ, దానికి విషమూ ఎందుకు పెట్టావు స్వామీ అని అడిగాను. ఆ మాట ముందే నాకెవరితోనైనా చెప్పించకపోయావా అని కూడా అన్నాను. అంతలోనే దోన మాట గుర్తొచ్చింది. చెప్పించాడు. నేనే వినలేదు.

ఎంతసేపు నిలబడ్డానో. తలుపు తోసుకుని దోన వచ్చింది, తలగుడ్డ ఒక పక్కకి జారిపోయి.

"నీళ్లు తాగింది. డాక్టరమ్మ చెయ్యి నాకింది. రేపు తీసుకెళ్లమంది."

పెన అగ్గిపుల్ల గీసిచ్చింది. పై వరసలో రుంచో కొవ్వొత్తి వెలిగించి, ఇంకొకటి ఇమ్మన్నాను.

"ఇదెవరికి?" అంది పెన.

"దోనకి."

దోన కళ్లు తుడుచుకుంటూనే అంది: "చూసి పెట్టు మహానుభావా. పైన."