ఎర్త్ గోతిలో తడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ కనక అంటుంది. ఆ రోజు మాత్రం నా కోపానికి కారణం ఉంది. మన్యంలో గూడెం కొత్తవీధికి పైన, కొండ మీది మా ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం కాఫీ పళ్ళ తోలు తీసే మెషీన్ తెచ్చుకుంది. మొదటి కోత బస్తాలు షెడ్డు ముందుకు చేరాయి. ఆ పూట తోలు తీయకపోతే పళ్ళు పులిసి, ఏడాది కష్టం మట్టిపాలే. కొత్త మీటరు బిగించారు గానీ, తనిఖీ అయ్యేదాకా మెషీన్‌కి కరెంటు ఇవ్వరు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు బిందుమాధవి మీటరు సీలు చూసింది, మరలన్నీ బిగించి చూసింది, తీగలు లాగి చూసింది. మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు నేను కూడా అంత చూడలేదు.

"ఏటమ్మా, ఇంకెంతసేపు? పళ్ళు పులిసిపోతన్నాయి. బేగి స్విచ్చి ఎయ్యండి!" అని అరిచాను.

"ఉండన్నా" అంది, తల కూడా తిప్పకుండా.

తర్వాత ఒక బల్బు తీసి, దాని ఒక తీగను మీటరుకీ, రెండోదాన్ని షెడ్డు వెనకున్న ఎర్త్ పైపుకీ తగిలించింది. బల్బు గుడ్డిగా మినుకుమంది. లేచి ఎర్త్ గోతి దగ్గరికి వెళ్ళింది. గోతి మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. లోపల మట్టి పొడిపొడిగా ఎండిపోయింది.

"ఇదెవరు కప్పినారు?"

"నేనేనమ్మా" అంది కనక గర్వంగా. "కరెంటుకీ నీళ్ళకీ పడదు కదా! మంచు కూడా తగలనివ్వలేదు."

తిట్లు పడతాయనుకున్నాను. బిందుమాధవి నవ్వింది.

"అన్ని సోట్లా పడదమ్మా. ఈ గోతిలో మటుకు తడి ఉండాల. కరెంటు తప్పుదారి పడితే, మనిషిలోంచి కాకుండా ఈ తడి మట్టిలోకి పోద్ది."

తనే బిందె ఎత్తి నీళ్ళు పోసింది. మట్టి బాగా నానాక బల్బు నిండుగా వెలిగింది.

అందరినీ దూరం జరగమని మెషీన్ స్విచ్చి వేసింది. కరెంటు తేడాగా పోతే దానంతటదే ఆపేసే ట్రిప్పర్ టక్కున పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది.

"నీళ్ళు పొయ్యకపోతే పడేది కాదు కదా!" అని నేను ఎగిరాను.

"పడేది కాదు" అంది ఆవిడ.

మెయిన్ ఆపి, మోటారు మూత విప్పి చూపించింది. లోపల ఒక తీగ ఒరుసుకుపోయి, రాగి బయటపడి ఇనుముకు ఆనుకుని ఉంది.

"గొయ్యి ఎండి ఉంటే కరెంటు మట్టిలోకి పోదు, ట్రిప్పర్ పడదు. అప్పుడు మెషీన్ ఒళ్ళంతా కరెంటే అన్నా. సెయ్యి ఏసినోళ్ళు తియ్యలేరు."

నేను కనక వైపు చూశాను. మొదటి గంప తనే పోయాలని పొద్దుటినుంచీ ఆరాటం. గంప చంకలో పెట్టుకుని, తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది.

బిందుమాధవి తీగ మార్చింది. అన్నీ మళ్ళీ మొదటినుంచి చూసి స్విచ్చి వేసింది. ఈసారి ట్రిప్పర్ నిలిచింది. మెషీన్ మీద ముందు తన చెయ్యే వేసింది, ఆ తర్వాతే కనకను రమ్మంది. ఎర్రతోలు ఒక పక్క, గింజలు ఒక పక్క పడుతుంటే ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు.

పనంటే అదీ! నా అరుపులకి ఇంకొకరైతే స్విచ్చి వేసేసి జీపెక్కేవారు. ఆవిడా అలాగే చేసి ఉంటే, ఆ సాయంత్రం నేను ఏడ్చేది కాఫీ పళ్ళ కోసం కాదు.