యాభై రోజుల మాట

క్రెడిట్ కార్డులు అమ్మేవాళ్లంటే జనానికి ఎంత చులకనో నాకు తెలుసు. చిక్కడపల్లి లైబ్రరీ గేటు పక్కన గొడుగు కింద టేబుల్ వేసుకుని నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను. నన్ను చూడగానే సగంమంది ఫోన్ చెవిలో పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తారు. పాపం, ఆ ఫోన్ అప్పుడే మోగి వాళ్ల పరువు తీసేస్తుంది. నా పేరు విజయశ్రీ. మెడలో కార్డు కంపెనీ తాడు వేలాడుతుంది గానీ నాకు జీతం లేదు. కార్డుకు ఇంత అని కమీషన్, అంతే.

జైపాల్ మాత్రం తనంతట తనే వచ్చాడు. పోయిన ఏడాది జూన్ తొమ్మిదో తారీఖున. రోజూ పొద్దున ఏడింటికే లైబ్రరీకి వచ్చే పిల్లవాడు కాబట్టి ముఖం ఎరుగుదును. పిల్లవాడంటున్నాను గానీ ముప్పై దాటాయి. అమ్మ బీరమ్మ, నాన్న బుగ్గయ్య పాలమూరు నుంచి వచ్చి రాంనగర్ బస్తీలో ఒకే గదిలో ఉంటూ ఇళ్లు కట్టే చోట కూలి చేస్తారు. ఇతను పగలంతా లైబ్రరీలో చదివి, సాయంత్రం నారాయణగూడలో మందుల దుకాణంలో పనిచేసేవాడు. బ్యాంకు క్లర్కు పరీక్షకు అది ఆఖరిసారి. ఆ ఏడాది దాటితే వయసు మించిపోతుంది. అశోక్‌నగర్‌లో నమూనా పరీక్షల కోర్సుకు నాలుగువేల ఎనిమిది వందలు కట్టాలి. చేతిలో లేవు.

"అక్క, నాయినకు మేస్త్రి పైసలు జులై ఆఖర్ల వస్తయి. కార్డు మీద ఇప్పుడు గడితే, బిల్లు ఎప్పుడొస్తది?"

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మా కంపెనీ అయితే అడగనిదే నిజం చెప్పదు. కానీ అతను అడిగాడు. అదే నన్ను తినేస్తోంది. అడిగాక కూడా నేను చెప్పలేదు.

నిజం ఏమిటంటే, బిల్లు పడే రోజు కంపెనీ ఇష్టం, మన ఇష్టం కాదు. ఆ కార్డులకు నెలనెలా పదిహేనో తారీఖున బిల్లు పడుతుంది. అక్కడి నుంచి ఇరవై రోజుల్లో కట్టాలి. పదహారున కొన్నవాడికి యాభై రోజులు దొరుకుతాయి. పదో తారీఖున కొన్నవాడికి పాతికే. కార్డు కొత్తదని మొదటి బిల్లు ఆగదు, ఐదు రోజులకే పడుతుంది. మా టీమ్ లీడర్ అనురాగ్ మొదటిరోజే చెప్పాడు: "యాభై రోజులు అనే చెప్పండి. మిగతాది కాగితంల ఉంటది." జైపాల్ వచ్చిన నెల నా టార్గెట్‌కు ఒక్క కార్డు తక్కువ.

"యాభై రోజులు నీ జోలికి ఎవరు రారు తమ్ముడు. పరేషాన్ గాకు," అన్నాను.

కార్డు నంబరు ఆ రోజే ఫోన్‌కు వచ్చేసింది. జైపాల్ మర్నాడే దాంతో కోర్సు కట్టాడు. నోటుబుక్కు అట్ట లోపల యాభై రోజులు లెక్కపెట్టి, జులై ముప్పై అని రాసుకుని కింద గీత గీశాడు. ఆ తర్వాత చదువు చెడుతుందని ఫోన్‌ను తల్లి చేతికిచ్చి సందుక పెట్టెలో పెట్టించి తాళం వేయించాడు. అక్కడ చదివేవాళ్లలో చాలామంది చేసే పనే అది. జులై ఇరవై ఐదున ఫోన్ తీసి, ఐదు రోజులు ముందే కడుతున్నానని మురిసిపోతూ నాలుగువేల ఎనిమిది వందలు, రూపాయి తేడా లేకుండా కట్టాడు. మెసేజ్‌లు వందల్లో ఉంటే చదవలేదట. మళ్లీ తాళం వేయించాడు.

కానీ గడువు జులై ఐదుకే అయిపోయింది. ఆలస్యపు రుసుము, వడ్డీ కలిసి ఎనిమిది వందల చిల్లర మిగిలిపోయింది. ఆ చిల్లర సందుకలో ఫోన్ పక్కనే పడుకుని నెలనెలా పెరిగింది. డిసెంబర్‌లో పరీక్షలన్నీ అయ్యాక ఫోన్ తెరిస్తే, నాలుగు వేలకు దగ్గర. అప్పు చేసి ఆ రోజే మొత్తం కట్టేశాడు. అయిపోయిందనుకున్నాడు.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. జైపాల్ పేరుంది. బీరమ్మ పని నుంచి నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చీర కొంగుకు సిమెంటు, చేతిలో అరకిలో బాలూషా మిఠాయి.

"నీ కార్డు తోనే ఫీజు గట్టిండంట బిడ్డ. నీ పుణ్యమే," అని నా నోట్లో తనే పెట్టింది. నేను తిన్నాను. అప్పటికి ఆ చిల్లర సంగతి నాకూ తెలియదు.

మే నెలలో ఒక గురువారం జైపాల్ వచ్చాడు. చేతిలో బ్యాంకు ఉత్తరం. ఉద్యోగంలో చేరాలంటే అప్పుల చరిత్రలో మచ్చ ఉండకూడదు. ఇతని చరిత్రలో అయిదు నెలల ఎగవేత అని ఉంది. శనివారం సాయంత్రం ఐదులోపు సరిచేసిన కాగితం తేవాలి, లేకుంటే ఉద్యోగం తర్వాతివాడికి పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చింది.

"కార్డు కంపెనోల్లను అడిగిన అక్క. యాభై రోజులని మీ ఏజెంట్ చెప్పిందని రాసి సంతకం తెస్తే, మచ్చ తీసేసి అదే రోజు కాగితం ఇస్తమన్నరు. నువ్వు రాసియ్యాలె."

సంతకం పెడితే నా పని పోతుంది. సరే, పోతే పోయింది, ఇంకో కంపెనీ గొడుగు దొరక్కపోదు. కానీ నా నెల కమీషన్ సోమవారం పడుతుంది. పదకొండు వేలు. గురువారం సంతకం పెడితే అదీ ఆపేస్తారు. రెండు నెలల కిరాయి బాకీ ఉన్నాను. సోమవారం డబ్బు పడ్డాక రాసిస్తే నా పదకొండు వేలూ ఉంటాయి, ఇతని ఉద్యోగమూ ఉంటుంది. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

"సోమారం ఇస్త తమ్ముడు."

"శనివారమే ఆఖరు అక్క."

"రెండు రోజులకు ఏం గాదు. బ్యాంకోల్లు ఆగుతరు. నాకు తెల్వదా?"

నాకు తెలియదు. నాలుగేళ్లుగా ఎంతమందికి చెప్పానో, ఒక్కరోజు ఆలస్యమైనా ఆలస్యమేనని. అయినా అదే గొంతుతో, అదే చిరునవ్వుతో అన్నాను. అతను ఒక్క క్షణం నా ముఖం చూసి, "సరే అక్క," అన్నాడు. నమ్మాడో, నమ్మక తప్పలేదో. శుక్రవారం, శనివారం ఒంట్లో బాగాలేదని టేబుల్ వేయలేదు. శనివారం మూడుసార్లు ఫోన్ మోగింది. బోర్లించి పెట్టి బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

సోమవారం పదకొండింటికి కమీషన్ పడింది. పదకొండుంబావుకి నా తప్పంతా దాచకుండా రాసి, కింద సంతకం పెట్టాను. లైబ్రరీలో జైపాల్ కూర్చునే కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఫోన్ చేస్తే స్విచాఫ్. బీరమ్మ పనిచేసే చోటు గాంధీనగర్‌లో అని తెలుసు కాబట్టి ఆటో ఎక్కాను.

నాలుగంతస్తులు లేస్తున్న అపార్ట్‌మెంట్. కింద బీరమ్మ ఇసుక జల్లిస్తోంది. నన్ను చూసి జల్లెడ పక్కన పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా కోరుకున్నాను.

"వచ్చినవా బిడ్డ? శనివారం పొద్దుగాల సంది ఐదింటి దాక నీ టేబుల్ జాగ కాడనే నిలవడ్డడు. బువ్వ గూడ తినలే. మనమే పోదాం పా, ఆమె ఇల్లు అడుగుదామంటే, 'వద్దమ్మ, అక్క మంచిది, ఎట్లైన వస్తది' అన్నడు."

కాగితం చేతికిచ్చాను. బీరమ్మకు చదువు రాదు. చేతులు చీరకు తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"గిది ఆ కాగితమేనా? శనివారం తోనే అయిపాయెనని, బ్యాంకోల్లు రేపు వేరేటోన్ని తీసుకుంటరంట. ఇప్పుడు ఇది ఎవరికియ్యాలె?"

"జైపాల్ ఏడి అమ్మ?" అన్నాను.

తలెత్తి పైకి చూపించింది. మూడో అంతస్తు స్లాబు మీద తండ్రి వెనకాలే ఇటుకల తట్ట మోస్తూ కనిపించాడు. అలవాటు లేని నడక. "ఇయ్యాల్నే మొదలువెట్టిండు. పిలవాల్నా?"

వద్దన్నాను. 'ఏం గాదమ్మ, ఇంకా టైముంది' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగపట్టి ఆపుకున్నాను. బీరమ్మ కాగితాన్ని మడిచి, తడవకుండా రవికలో దాచుకుంది.

"పైలంగ పెడత బిడ్డ. ఎప్పటికైన అక్కరకొస్తది," అని మళ్లీ జల్లెడ పట్టుకుంది.