సంపూర్ణమ్మ పడుగు

తొంభై ఎనిమిదిలో ఒక పొద్దున, మంగళగిరి నేతవీధిలో సంపూర్ణమ్మ పడుగు మీదుగా లారీ పోయింది. వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించిన నూలు చక్రాల కింద తెగి మట్టిలో కలిసింది. తోలినవాడు బ్రేకైనా వెయ్యలేదు. లారీ షావుకారు వెంకటకృష్ణారావుది. వీధి చివర ఆయన పెట్టిన మరమగ్గాల షెడ్డుకు దారి కావాలట!

ఆ వీధిలో పడుగుకి పిలుపులుండవు. ఎవరిదైనా సరే, అందరూ కుంచెలు పట్టుకుని దిగాలి. గంజి ఆరేలోగా దారాలన్నీ దువ్వాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ రోజు ఎవరూ దిగలేదు. వీధిలో పడుగు ముట్టినవాడికి నూలివ్వనని షావుకారు ముందురోజే కబురు పంపాడు మరి. ఎదురింటి హనుమయ్య కుంచె పట్టుకుని కూడా గుమ్మంలోనే నిలబడిపోయాడు. ముసలామె ఒక్కతే దువ్వుకుంటుంటే చూశాడు. లారీ వస్తుంటే చూశాడు.

సాయంత్రం సంఘం పాకలో అందరూ చేరారు.

"మన చీర అంచునే మిషను మీద దించి, చేనేత అని చెప్పి అమ్ముకుంటున్నాడు. ఇప్పుడు వీధి కూడా పోతే మగ్గం గుంట పూడ్చుకోవడమే," అంది నాగలక్ష్మి.

"గొడవ పడితే నూలెవడిస్తాడమ్మా?" అన్నాడు బసవయ్య.

"అందరం కలిసి మనమే తెచ్చుకుని పంచుకుందాం బాబాయ్. ఆయన గడప ఎందుకు తొక్కాలి?"

హనుమయ్య లేచాడు. సంపూర్ణమ్మ వైపు తిరిగాడు.

"లారీ కన్నా ముందు మనమే తొక్కాం ఆ పడుగుని. మా ఆవిడ పురిట్లో ఉంటే నా పడుగంతా దువ్వింది పిన్నే. నేను గుమ్మం దిగలేదు. సిగ్గేస్తోంది పిన్నీ."

సంపూర్ణమ్మ తిట్టలేదు. "రేపు గంజి ఎవరింట్లో కాస్తున్నార్రా?" అంది. తిట్టినా బాగుండునని హనుమయ్యకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఇంటింటా మిగిలిన నూలు కలిపి, సంపూర్ణమ్మ కోసం కొత్త పడుగు వేశారు. షెడ్డు గేటు దాకా వేసి, అందరూ కుంచెలతో దిగారు. లారీ ఆగింది.

"తియ్యండ్రా!" షావుకారు అరిచాడు.

"తడి మీదుందండీ, ఆరాక రండి," అంది నాగలక్ష్మి.

పోలీసులొచ్చారు. ముందు హనుమయ్యను పట్టుకున్నారు.

"నా కుంచె పట్టండ్రా, గంజి ఆరిపోతోంది!" అని అరిచాడు జీపెక్కుతూ.

బసవయ్య అందుకున్నాడు. అతన్నీ ఈడ్చుకెళ్ళారు. కుంచె నాగలక్ష్మి తీసుకుంది. ఆమెనూ ఎక్కించారు. ఒకరిని లాగితే ఇద్దరు దిగుతున్నారు. జీపు నిండిపోతే ఎస్సై ఇంకో జీపుకి కబురంపాడు. అది వచ్చేలోగా వీధంతా కలిసి పడుగు దువ్వేసింది.