సాగనంపు పాట

జోడీ మాస్టారికి ఆ విద్య నేర్పింది నేనే. వార్త చెవిన పడగానే దానికి అతికినట్టు సరిపోయే సినిమా పాట చెప్పడం ఈ భూమ్మీద ఇద్దరికే వచ్చు. ఒకడిని నేను, రెండోవాడు నా శిష్యుడు.

ఆ ఉదయం నా శిష్యుడు వార్తల ఛానల్ వారి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని, పదవి ఊడిన మంత్రికి జోలపాట వెతుకుతున్నాడు. మనిషి తడిసి ఆరిన అట్టపెట్టెలా ఉంటాడు. భుజాలు జారిపోయి, మెడ ముందుకు సాగి, ఎప్పుడూ ఎవరో గొణిగింది వినడానికి వంగినట్టే కనిపిస్తాడు. ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్లు మోయడంతో నడినెత్తిన జుట్టు రాలి, ఈ చెవి నుంచి ఆ చెవిదాకా ఒక బాట పడింది. ఆఫీసులో కుర్రకారు దాన్ని చూసి, "మాస్టారి నెత్తిన రోడ్డు వేశారు గానీ బస్సు ఇంకా రాలేదు" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉండేవాడు కాబట్టి ఎందుకు నవ్వుతున్నాడో ఆయనకు తెలిసేది కాదు.

సాయంత్రం వార్తల తర్వాత ఆ ఛానల్లో పెద్దవాళ్ల కబుర్ల కార్యక్రమం ఒకటి వస్తుంది. ఎవరి పెళ్లి, ఎవరి విడాకులు, ఎవరి పరువు ఏ గంగలో కలిసింది అన్నీ అందులో చూపిస్తారు. ప్రతి ముక్క కిందా ఒక పాట వినిపించాలి. ఆ పాట జోడించేది మాస్టారు. ఒక హీరోయిన్ భర్త నుంచి విడిపోతే, ఆమె తొలి సినిమాలో పెళ్లిపీటల మీద సిగ్గుపడుతూ పాడిన పాటే వేశాడు. ఆవిడ ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడిచింది. ఈయన చివరిదాకా ఓపిగ్గా విని, "అమ్మా, ఆ పాటలో రెండో చరణం కూడా వెయ్యమంటారా?" అని అడిగాడు. నగర పెద్దగారి బంగళా వరదలో మునిగితే, హీరో హీరోయిన్లు తడుస్తూ గెంతే వానపాట వేశాడు. ఆ పాట అయ్యేలోపల నీళ్లు సిగ్గుపడి వెనక్కి తగ్గాయని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే.

ఇంట్లో మాత్రం ఆయనకు జోడీ కుదిరిన వేళ ఒక్కటీ లేదు. కూతురు పుట్టిన రోజున ఎవరో గాయకుడి పెళ్లి వచ్చి పడింది. కూతురి పెళ్లి రోజున ఎవరో నిర్మాత అరెస్టయ్యాడు. భార్యకు ఒక కంట్లో నొప్పని, చూపించమని అడిగినప్పుడు ఎన్నికలు. ఆ కన్ను ఎన్నికల ఫలితాలకు ముందే పోయింది. ఇప్పుడు మిగిలిన కంటికి పొర కమ్మింది. ఆ రోజు మధ్యాహ్నమే ఆపరేషన్. ఉన్న ఒక్క కన్నూ డాక్టరు చేతిలో పెట్టాలంటే ఆమెకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. మొగుడు వచ్చి లోపలిదాకా చెయ్యి పట్టుకుని నడిపించాలని ఒక్కటే కోరిక.

వెళదామనే అనుకున్నాడు. కానీ నవ్వుల తాత ఆసుపత్రిలో ఉన్నాడు.

నవ్వుల తాత అంటే మూడు తరాలను నవ్వించిన ముసలి హాస్యనటుడు. ఇవాళో రేపో అంటున్నారు. పెద్ద మనిషి ఎవరు మంచం ఎక్కినా, ఆయన పోకముందే సాగనంపు పాట సిద్ధం చేసి పెట్టుకోవడం ఆ గదిలో ఆనవాయితీ. మనిషి పోయాక వెతికితే మిగతా ఛానళ్లు ముందు ఏడ్చేస్తాయి.

చిన్న బాస్ తలుపు లోపలికి తల దూర్చాడు. మీసం ఇంకా పూర్తిగా రాని అధికారి.

"బాబాయ్, కదలకండి. పోయినసారి మీరు లేనప్పుడు ఆ పాటలాయన పోతే, మనవాళ్లు ఆయన శత్రువు పాడిన పాట వేసి సాగనంపారు. శవం లేచి కూర్చునేది."

"మా ఆవిడకి కంటి ఆపరేషన్ రా నాయనా."

"తాత పోనివ్వండి, నేనే కారిచ్చి పంపిస్తా."

"ఎప్పుడు పోతాడట?"

"మీరు కూర్చుంటే పోడు, లేస్తే పోతాడు. ఇన్నేళ్లనుంచి చూడట్లేదా?"

మాస్టారు మంత్రిని పక్కన పెట్టి తాతను ఎత్తుకున్నాడు. తాత పాత సినిమా ఒకదానిలో, అత్తవారు గెంటేసిన ఇల్లరికపు అల్లుడు వాకిట్లో నిలబడి, మంచానికీ చెంబుకూ దుప్పటికీ పేరు పేరునా సెలవు చెప్పే పాట ఉంది. జనం కుర్చీల్లోంచి కింద పడి నవ్విన పాట. దాన్ని మాస్టారు వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. నవ్వు సాగి సాగి ఏడుపైపోయింది. చెంబుకు చెప్పిన సెలవు లోకానికి చెప్పినట్టయింది. ఆయన కుడికాలి బొటనవేలు ఆ నెమ్మది తాళానికి కదులుతోంది. ఎడమ భుజం మాత్రం ఉదయం నుంచీ లాగుతూనే ఉంది. కుర్చీ దోషమనుకుని దిండు సర్దుకున్నాడు.

ఇదంతా నేనే నేర్పానన్నాను కదా, ఉత్తిదే. నేను వాళ్ల ఎదురింటివాణ్ణి, అంతే. పాట వింటే నాకు నిద్రొస్తుంది.

ఫోన్ మోగింది.

"ఏమయ్యా, బయల్దేరావా?"

"వస్తున్నానే."

"ఎందాకా వచ్చావు?"

"ఇదిగో, లేస్తున్నా."

"కంట్లో చుక్కలేశారు. అంతా పొగలా ఉంది. పక్కన కూర్చుంది మనిషో బస్తావో కూడా తెలీట్లేదు. నువ్వొస్తే లోపలికెళ్తా. లేదంటే, ఈ కన్నూ పోతే పోనీ, ఇంటికెళ్లిపోతా."

"తాత పోగానే వచ్చేస్తా."

"ఏ తాత?"

"నవ్వుల తాత. నీకిష్టం కదా."

"ఆయన కళ్లు మూస్తేగానీ నా కన్ను తెరవరా?" అని పెట్టేసింది.

మాస్టారు ఎదురుగా ఉన్న తెర వైపు చూశాడు. తెర నిండా ఆసుపత్రి గేటు. మూసిన గేటు, దాని ముందు కెమెరాలవాళ్లు, వాళ్ల మధ్య నిద్రపోతున్న కుక్క.

"పోవచ్చుగా పెద్దాయనా," అన్నాడు గేటుతో. "అందరినీ నవ్వించావు. ఇక చాల్లే."

మేకప్ అక్క టీ ఇద్దామని వచ్చి ఆ మాట విన్నది. "పాపం రా బాబూ! బతికున్నవాణ్ణి పట్టుకుని!"

"బతికుంటే నాకేం పనికొస్తాడక్కా?" అన్నాడు. ఆయన వేళాకోళమాడలేదు.

టీ చల్లారింది. ఉన్నట్టుండి ఆయనకొక ఉపాయం తట్టింది. గేటు తెరుచుకున్న దృశ్యం వచ్చిందంటే తాతను బయటికి తెస్తున్నట్టే. అందుకని ఆ దృశ్యానికే పాటను కట్టేశాడు. గేటు తెరుచుకున్న బొమ్మను ప్రసారంలోకి ఎవరు నొక్కినా, కింద పాట దానంతటదే మొదలవుతుంది. మనిషి అక్కర్లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, తాను లేకపోయినా పని నడిచే ఏర్పాటు తానే చేసుకున్నాడు. ఇక లేవడమే తరువాయి. భుజం నొప్పి ఛాతీలోకి దిగింది. ఒక్క నిమిషం ఆగి వెళదామని కుర్చీలో వెనక్కి వాలాడు.

మధ్యాహ్నం వార్తలు నడుస్తుండగా గేటు తెరుచుకుంది. నవ్వుల తాత చక్రాల కుర్చీలో బయటికొచ్చాడు. రెండు చేతులూ ఊపుతూ, కెమెరాలకు నాలుక బయటపెట్టి వెక్కిరిస్తూ, నిక్షేపంగా వచ్చాడు. "హాస్యచక్రవర్తి పూర్తి ఆరోగ్యంతో ఇంటికి చేరుతున్నారు" అని యాంకరమ్మ పళ్లన్నీ చూపించి చెబుతుంటే, కింద ఆయన గొంతే మంచానికీ చెంబుకూ దుప్పటికీ ఏడుస్తూ సెలవు చెబుతోంది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. తాతే ఛానల్‌కు ఫోన్ చేయించాడు. "ఆ పాట వేసినవాణ్ణి ఇలా ఇవ్వండయ్యా, ముద్దు పెట్టుకుంటా. నిజంగా పోయినప్పుడు కూడా ఇదే వెయ్యమని చెప్పాలి."

చిన్న బాస్ కిందికి పరుగెత్తాడు. "బాబాయ్, కొంప ముంచారు!" అని భుజం పట్టి కుదిపాడు. మాస్టారు వినడానికి వంగినట్టే ఉన్నాడు. హెడ్‌ఫోన్లలో పాట ఇంకా తిరుగుతోంది. బొటనవేలు మాత్రం ఆగిపోయింది.

మనిషిని వెంటనే కదిలించలేదు. మేడ మెట్లకు అడ్డంగా కెమెరాలు ఉన్నాయి, వార్తలు ముగియాలి. అక్కడున్నవాళ్లలో ఒకరు, పక్కన ఎవరో చివరి ఊపిరిలో ఉన్నట్టు గొంతు తగ్గించి, "బాబాయ్‌కి ఏ పాట వేద్దాం?" అని అడిగారు. చిన్న బాస్ కళ్లు తుడుచుకుని, "పాట వెయ్యడానికి ముందు వార్త కావాలి కదరా" అన్నాడు. కుర్రాడు మంచివాడే. కానీ మాట నిజం.

అదే సమయానికి కంటి ఆసుపత్రి హాల్లో ఆయన భార్య, పొగ కమ్మిన కన్నుతో టీవీ వైపు తిరిగి కూర్చుంది. చుట్టుపక్కలవాళ్లు నవ్వుతున్నారు. ఆమె మాత్రం తల పక్కకు వంచి పాట విన్నది. లేచి నిలబడి, "మా ఆయన ఇలా తప్పు జోడీ వెయ్యడు. ఆయనకేదో అయింది" అన్నది.

ఈ ముక్క మీరు నమ్మేసి ఉంటే నన్ను క్షమించనక్కర్లేదు. అది నేనల్లింది. ఆ హాల్లో టీవీకి ఎప్పుడూ శబ్దం పెట్టరు. ఆమెకు బొమ్మ కనిపించలేదు, పాట వినిపించలేదు. పక్కన కూర్చున్న బస్తాలాంటి మనిషితో, "ఈ మొగుడు నా పాడె దగ్గరికి కూడా రాడమ్మా" అని తిట్టుకుంది. డాక్టరు వెళ్లిపోతాడని నర్సు తొందరపెడితే, ఆ నర్సు చెయ్యే పట్టుకుని లోపలికి వెళ్లింది. కట్టుతో బయటికొచ్చేసరికి మేకప్ అక్క ఎదురుగా నిలబడి ఉంది. చెప్పక తప్పింది కాదు. వింటూనే నర్సు ఆమె రెండు చేతులూ పట్టేసుకుని, "ఏడవకూడదమ్మా, ఉన్న ఒక్క కన్నూ పాడైపోతుంది" అన్నది. ఆమె ఏడవలేదు. "బయల్దేరాడా?" అని ఒక్క మాట అడిగింది. మేకప్ అక్కకు తెలియదు. తెలియదనే చెప్పింది.

మిగిలిందంతా నిజమే. ఆ గదిలోకి దుమ్ము పోకుండా చెప్పులు బయటే విడుస్తారు. మధ్యలో ఎప్పుడు లేచి వచ్చి తిప్పాడో గానీ, మాస్టారి చెప్పులు ఇప్పటికీ ఆ తలుపు పక్కనే ఉన్నాయి, కాళ్లు దూర్చి నడిచిపోవడానికి వీలుగా, కొనలు వీధి వైపు తిరిగి.